నార్డిక్ డిటెక్టివ్ కథల్ని నడిపేది మంచా, దర్యాప్తా?

పాతబీరువా:
స్వీడన్, డెన్మార్క్, నార్వే, ఐస్‌లాండ్ డిటెక్టివ్ నవలల మాటెత్తితే చాలు, "ఆ వాతావరణం ఉంది చూశారూ!" అని మొదలుపెడతారు. మంచు, చీకటి, ఇల్లు పట్టని పోలీసు. నా మటుకు నాకు అవన్నీ అట్టమీది బొమ్మలే. చివరిదాకా కూర్చోబెట్టేది నింపాదిగా సాగే దర్యాప్తు.

ఈ సంప్రదాయానికి పునాది వేసిన జంట మై షోవాల్, పేర్ వాలో. 1965 నుంచి 1975 దాకా పది నవలలు, ఒక్కోదాంట్లో 30 అధ్యాయాలు. మొదటిది 'రోజాన్నా'. అందులో శవం దొరికేది నడి వేసవిలో, జులై 8న. మోటాలా దగ్గర యోటా కాలువ లాకుల్లో పూడిక తీస్తుంటే బయటపడుతుంది. ఆమె ఎవరో తెలియడానికే నెలలు పడుతుంది. ఆ తర్వాత పడవ ప్రయాణికులు సరదాకి తీసుకున్న ఫోటోలు, చిన్న సినిమా రీళ్లు ఎక్కడెక్కడి నుంచో తెప్పించి ఒక్కో ఫ్రేమూ చూస్తారు. ఉత్కంఠంతా ఆ చూడడంలోనే ఉంది. ఇందులో మంచు చేసిన పనేమిటి?

మంచుగీత:
అలంకారమే అయితే తీసేసినా కథ నిలబడాలి కదండీ. డెన్మార్క్ రచయిత పేటర్ హో 1992 నవల్లోంచి మంచు తీసేయండి, ఏం మిగులుతుందో చూద్దాం. కోపెన్‌హేగెన్‌లో ఓ గ్రీన్‌లాండ్ పిల్లాడు కప్పు మీంచి పడి చనిపోతాడు. పైన మంచులో వాడి అడుగులు తప్ప ఇంకెవరివీ లేవు. ప్రమాదమని పోలీసులు తేల్చేస్తారు. ఎత్తులంటే వణికే పిల్లాడు అంచు వైపు ఎందుకు పరుగెత్తాడని పొరుగింటి స్మిల్లా, కథానాయిక, ఆ అడుగుల్లోంచే అడుగుతుంది. అక్కడ మంచే సాక్షి.

పైగా ఆ సాక్షి ఎంత సుకుమారమో తెలిస్తే కథ ఇంకోలా చదువుతాం. మంచులో పడ్డ అడుగుజాడ మీద మామూలు ప్లాస్టర్ పోస్తే, గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి జాడే కరిగిపోతుంది. అందుకని ముందు పక్కన స్కేలు పెట్టి, లైటు వాలుగా వేసి ఫోటోలు తీస్తారు. తర్వాత ఎర్ర మైనం స్ప్రే రెండు మూడు పల్చటి పూతలు. దగ్గర్నుంచి కొడితే ఆ గాలికే అంచులు చెదురుతాయి. అది ఆరాక డెంటల్ స్టోన్, అంటే పళ్ల డాక్టర్లు అచ్చు తీయడానికి వాడే పొడి, సుమారు 900 గ్రాములు తీసుకుని 350 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో కలుపుతారు. నేరుగా జాడ మీద పోయరు, పక్కన పోసి మెల్లగా లోపలికి పారనిస్తారు. చలిలో అది గట్టిపడేదాకా చాలాసేపు కదపకూడదు. గంధకం పద్ధతి మరీ మొండిది. కరిగించి, తిరిగి గడ్డకట్టబోయే క్షణం చూసి పోయాలి. తొందరపడితే జాడ పోతుంది, ఆలస్యం చేస్తే గిన్నెలోనే గడ్డ. ఇదంతా జరుగుతుండగా మళ్లీ మంచు పడడం మొదలైతే? మీరు చెప్పే దర్యాప్తు అప్పుడు దేని చేతిలో ఉన్నట్టు?

రాత్రిలేనివూరు:
ఇద్దరికీ చిక్కని కేసు ఒకటి: 1997 నార్వే సినిమా 'ఇన్సోమ్నియా'. ఉత్తరాన ట్రోమ్సో చుట్టుపక్కల, అర్ధరాత్రి సూర్యుడి కాలం. అక్కడ మే మూడో వారం నుంచి జులై మూడో వారం దాకా పొద్దు గుంకదు. మంచు లేదు, చీకటి లేదు. డిటెక్టివ్ పొగమంచులో పొరపాటున తోటి పోలీసునే కాల్చి, దాన్ని కప్పిపుచ్చి, ఇక నిద్రపట్టక ఆ వెలుతురులో నలుగుతాడు. కిటికీకి ఏం అడ్డం పెట్టినా వెలుతురు దూరుతుంది. తప్పు దాచుకున్నవాడికి ఇంతకంటే నరకం ఏముంటుంది? కాబట్టి వాతావరణం అంటే చలి అనుకోకండి, మనిషిని వదలనిది ఏదైనా సరే.

పాతబీరువా:
మంచుగీత గారు, స్మిల్లా విషయంలో ఓడాను. కానీ హెనింగ్ మాంకెల్ సంగతి? ఆయన నవలల్లో పోలీసు కుర్ట్ వాలండర్ ఊరు ఇస్టాడ్, స్వీడన్‌కి దక్షిణపు కొస. అక్కడ తరచూ కనిపించేవి బురద, గాలి, వాన. 1991లో వచ్చిన మొదటి నవల్లో చనిపోతున్న ముసలామె నోట ఒక మాట వస్తుంది: 'విదేశీ'. ఆ ఒక్క మాట బయటకు పొక్కి, శరణార్థుల మీద దాడులు మొదలవుతాయి. పల్లెటూరి హత్య దేశం మొత్తం తగువైపోతుంది. 1986 ఫిబ్రవరి 28 రాత్రి స్టాక్‌హోమ్ నడివీధిలో ప్రధాని ఊలోఫ్ పాల్మె హత్య జరిగింది. 2020లో దర్యాప్తు మూసేసే నాటికీ ఎవరి మీదా నేరం నిలబడలేదు. ఆ దేశపు పాఠకుణ్ణి వెంటాడేది అది, థర్మామీటర్ కాదు. పొగమంచు అట్టలు విదేశీ మార్కెట్ కోసం వేసినవి.

కొండదారి:
విదేశీ మార్కెట్ అంటే ఒప్పుకోను. నార్వేలో ఈస్టర్ సెలవులకి జనం కొండల మీద కేబిన్లకి పోయి డిటెక్టివ్ నవలలు చదవడం ఓ ఆనవాయితీ. 1923లో ఓ నవల ప్రకటనని పత్రిక మొదటి పేజీలో, బెర్గెన్ రైలు నిన్న రాత్రి దోపిడీకి గురైందంటూ వార్తలా వేశారు. అప్పట్నుంచీ నడుస్తోంది. పాల డబ్బాల మీద కూడా చిన్న చిన్న నేరకథలు అచ్చేస్తారు. చుట్టూ మంచు, లోపల పొయ్యి, చేతిలో హత్య. వాళ్లే వాళ్ల కోసం చేసుకున్న ఏర్పాటు ఇది.

శవపంచాయతీ:
చలికి ఇంకో పని ఉంది, ఎవరూ చెప్పలేదు. అది హత్య జరిగిన సమయాన్ని చెరిపేస్తుంది. మన మెడికోలు చదివే ఫోరెన్సిక్ పుస్తకాల్లో శవం బిగుసుకుని ఉండే కాలం ఉత్తర భారతంలో వేసవిలో 18 నుంచి 36 గంటలు, చలికాలంలో 24 నుంచి 48 అని ఉంటుంది. సున్నాకు దగ్గర చలిలో ఆ బిగుసుకోవడం ఆలస్యంగా మొదలై రోజుల తరబడి ఉండిపోవచ్చు. పూర్తిగా గడ్డకడితే ఏది బిగుసుకోవడమో, ఏది మంచుగడ్డో తేలదు. గడ్డకట్టిన శవాన్ని ఫ్రిజ్ చలిలోనే, 4 డిగ్రీల దగ్గర, కొన్ని రోజులు కరగనివ్వాలి. హడావుడిగా వేడిచేస్తే పైన కుళ్లుతుంటుంది, లోపల ఇంకా గడ్డే. ఈలోగా అనుమానితులందరి 'ఆ రాత్రి ఎక్కడున్నావ్' జవాబులూ వదులైపోతాయి. పాతబీరువా గారు మెచ్చుకునే 'నింపాదితనం' సగం ఇక్కడిదే.

అలాగని అధ్యాయానికో మంచు పేరా రాసేవాళ్లని సమర్థించను. ఆ పేరా కొట్టేస్తే పోలీసుకి ఒక గంటో, ఒక ఆధారమో, ఒక సాక్షో దక్కుతుందా అని చూడండి. దక్కకపోతే అది నిజంగా అట్టమీది బొమ్మే.

వానచినుకు:
డెన్మార్క్ సీరియల్ 'ఫోర్‌బ్రిడెల్సెన్' (2007) కూడా లెక్కలోకి తీసుకోండి. మొదటి సీజన్ 20 భాగాలు, ఒకటే కేసు, భాగానికి ఒక రోజు. నవంబరు వాన, చీకట్లో టార్చిలు. కానీ మనసులో ఉండిపోయేది కూతురు పోయిన ఇంట్లో వంటగది బల్ల. చాలా డిటెక్టివ్ కథల్లో శవం దొరికాక ఆ కుటుంబం మాయమైపోతుంది. ఇందులో ఇరవై రోజులూ మన ఎదురుగానే కూర్చుంటారు.

అనువాదపు అరుగు:
చర్చంతా మంచు చుట్టే తిరిగింది. ఇంగ్లీషులో చదివేవాళ్లకి అసలు కనిపించని సంగతి ఒకటుంది: పిలుపు. స్వీడిష్‌లో 'నీ' అంటే మీరు, 'దూ' అంటే నువ్వు (మన చెవికి తలకిందులు!). ఒకప్పుడు పైవాణ్ణి నేరుగా పిలవకుండా పదవి పేరుతోనే మాట్లాడేవాళ్లు. 1967లో అక్కడి వైద్య శాఖ అధిపతి బ్రూర్ రెక్సేద్ సిబ్బంది అందరినీ 'దూ' అనే పిలుస్తానని ప్రకటించాడు. కొన్నేళ్లలో దేశమంతా అదే వాడుక. షోవాల్, వాలోల పది నవలలు సరిగ్గా ఆ మలుపులో వచ్చాయి. వాలండర్ కాలానికి స్టేషన్లో చిన్నా పెద్దా అందరూ 'నువ్వే'. సెల్యూట్లు, సార్లు లేని ఆ గదిలో కుర్ర పోలీసు పై అధికారి ఊహ తప్పని ముఖం మీదే అనేస్తాడు, కేసు అక్కడ మలుపు తిరుగుతుంది. ఇంగ్లీషు 'యూ' దీన్ని మింగేస్తుంది. తెలుగు క్రియ మింగనివ్వదు, చూశావా, చూశారా ఏదో ఒకటి తేల్చాల్సిందే.

పాతబీరువా:
అయితే తెలుగులో ఎలా దించుతారు? కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్‌ని "రిపోర్టు చూశావా?" అంటే మన పాఠకుడు ఆ కుర్రాడికి పొగరనుకుంటాడు.

అనువాదపు అరుగు:
అందుకే నేనైతే 'మీరు' ఉంచి 'సార్' తీసేస్తాను. "కుర్ట్, రిపోర్టు చూశారా?" 'గారు' లేని ఆ పేరే మన చెవికి కొత్తగా తగులుతుంది.

మంచుగీత:
అలా చేస్తే వాళ్లు బ్యాంకు ఉద్యోగుల్లా ఉంటారండీ. నా ఓటు "చూశావా"కే. ఇన్‌స్పెక్టర్ కూడా విసుక్కోకుండా "ఇంకా లేదు, నువ్వు చెప్పు" అనాలి. రెండో పేజీకి అలవాటైపోతుంది.