పద్యపఠన పోటీ మార్కులు: పద్యాల సంఖ్యను పాయింట్లుగా మార్చే పట్టిక

మార్కుల పట్టిక బాధ్యురాలు:

కార్యకర్తలందరికీ నమస్కారం. 2026 ఉగాది మార్చి 19, గురువారం నాడు వస్తున్నందున మ్యూనిక్‌లో మన వేడుకను 21వ తేదీ శనివారం జరుపుకొంటున్నాం. పిల్లల పద్యపఠన పోటీలో ముగ్గురు న్యాయనిర్ణేతలు ఇచ్చే 30 మార్కులు మొత్తంలో నేరుగా కలుస్తాయి. చెప్పిన పద్యాల సంఖ్యను మాత్రం 20 పాయింట్లకు మార్చాలి. 1 నుంచి 3 పద్యాలకు 5, 4 నుంచి 6కు 10, 7 నుంచి 9కి 15, పది దాటితే 20 అని నియమావళిలో రాసుకున్నాం. ఈ లెక్క ప్రకారం సరిగ్గా పది పద్యాలు చెప్పిన పిల్లవాడు ఏ వరుసలోకీ రాడు. మూడున్నర చెప్పిన అమ్మాయికీ చోటు లేదు. పోటీ ముగిశాక తల్లిదండ్రుల ఎదుట తేల్చుకోవలసిన విషయం కాదిది.

అందుకే ప్రతి శ్రేణికి కింది హద్దును మాత్రమే రాసి ఒక చిన్న పట్టిక చేశాను: 0కి 0, 1కి 5, 4కి 10, 7కి 15, 10కి 20. ఎక్సెల్‌లో, పట్టికలో వెతికి విలువను తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాకు నాలుగో విలువగా ట్రూ (TRUE) ఇస్తే, అది మనమిచ్చిన సంఖ్యకు సమానమైన హద్దునో, అది లేకపోతే దానికన్నా చిన్నవాటిలో అతి పెద్ద హద్దునో పట్టుకొని, పక్క గడిలోని పాయింట్లను తెచ్చిస్తుంది. ఆఫీసు పనుల అలవాటుతో చాలామంది అక్కడ ఫాల్స్ అని పెడతారు. అలా పెడితే 5 పద్యాలకు జవాబే రాదు, ఎందుకంటే పట్టికలో 5 అనే హద్దు లేదు. హద్దులు చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా ఉండి తీరాలి. వరుస తప్పితే ఏ హెచ్చరికా లేకుండా తప్పు పాయింట్లు వచ్చే ప్రమాదం ఉంది. ఫార్ములాను కిందికి లాగినప్పుడు పట్టిక చిరునామా జరిగిపోకుండా డాలర్ గుర్తులతో బిగించాను. ఇదే పని చేసే కొత్త ఫార్ములా ఎక్స్‌లుకప్ (XLOOKUP) ఇంకా సౌకర్యమే కానీ, మనలో కొందరి దగ్గరున్న 2016, 2019 ఎక్సెల్‌లలో అది లేదు.

‘ఇలా అయితే ఇది, లేకపోతే అది’ అని చెప్పే ఇఫ్ (IF) ఫార్ములాలను ఒకదానిలో ఒకటిగా పేర్చినా ఇదే ఫలితం వస్తుంది. అయినా నేను పట్టికనే కోరుకుంటున్నాను, ఎందుకంటే దాన్ని అచ్చు వేసి వేదిక దగ్గర అంటించవచ్చు, ఫార్ములాలు తెలియని తాతయ్య కూడా చదివి తన మనవరాలి పాయింట్లు సరిచూసుకోవచ్చు.

న్యాయనిర్ణేతల సమన్వయకర్త:

వివరంగా రాసినందుకు ధన్యవాదాలండీ. నాలుగు పాదాల్లో రెండు పూర్తిగా చెప్పి ఆగిపోయిన పిల్లలకు అర పద్యం లెక్కించాలని న్యాయనిర్ణేతలు కోరుతున్నారు. అది ఈ పట్టికలో ఇముడుతుందా? నా ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ జర్మన్ భాషలో ఉంది. దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

మార్కుల పట్టిక బాధ్యురాలు:

ఇముడుతుందండీ. మూడున్నరకు 5 పాయింట్లే వస్తాయి, 4 నిండితేనే 10. ఫైలు తెరిచినప్పుడు వీలుకప్ మీకు దానంతటదే ఎస్‌ఫెర్వైస్‌గా, ట్రూ అనేది వార్‌గా కనిపిస్తాయి. వాట్సాప్‌లో పంపిన ఫార్ములాను అతికిస్తే మాత్రం అలా మారదు; జర్మన్ అమరికలో విలువల మధ్య కామాకు బదులు సెమికోలన్ కూడా కావాలి. అందువల్ల ఫార్ములా గడులను ఎవరూ తిరిగి రాయవద్దని కోరుతున్నాను.

అసలు ప్రమాదం మీరడిగిన ఆ అర దగ్గరే ఉంది. జర్మన్ అమరికలో మూడున్నరను కామాతో 3,5 అని కొట్టాలి. మన అలవాటు ప్రకారం చుక్క పెట్టి 3.5 అని కొడితే ఎక్సెల్ దాన్ని మే 3వ తేదీగా తీసుకుంటుంది. ఎక్సెల్‌కు తేదీ అంటే లోపల ఒక సంఖ్యే. 2026 మే 3 అంటే 46145. అది 10 కన్నా ఎక్కువే కాబట్టి, 5 రావలసిన బిడ్డకు వీలుకప్ ఏ అభ్యంతరమూ లేకుండా 20 ఇచ్చేస్తుంది. బహుమతులే తారుమారవుతాయి. దీన్ని ఆపడానికి ఆ నిలువు వరుసలో 0 నుంచి 30 వరకు ఉన్న సంఖ్యలు తప్ప మరేవీ చేరకుండా డేటా వాలిడేషన్ పెడుతున్నాను. పేరిచ్చి పోటీకి రాని పిల్లల గడిని ఖాళీగా వదలండి, సున్నా వేయవద్దు. అప్పుడు పాయింట్ల గడి కూడా ఖాళీగానే ఉండేలా ఇఫ్ కలిపాను.

నియమావళిలో ‘పది దాటితే’ అన్నచోట ‘10, ఆపైన’ అని మార్చడానికి కార్యవర్గం ఆమోదం కావాలి. ఈ ఆదివారంలోగా తెలియజేస్తే తల్లిదండ్రులకు పంపే సమాచారంలో పట్టికను కూడా జతచేస్తాను.