పెద్రో గయార్: పాడిన వేదికకే డైరెక్టర్ అయిన గాయకుడు

ప్రశ్న

పారిస్ ఒపెరా చరిత్ర చదువుతుంటే పెద్రో గయార్ పేరు రెండు వేర్వేరు హోదాల్లో ఎదురవుతోంది. 1870లలో ఆయన బాస్ (పురుషుల గొంతులలో అన్నిటికంటే మంద్రమైనది) గాయకుడు, ఫ్రెంచ్ స్వరకర్త గూనో ఒపెరా ‘ఫౌస్ట్’లో మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం పాత్రధారి. 1884 చివర అప్పటి డైరెక్టర్ వోకోర్బెయ్ మరణించాక అదే సంస్థకు ఒజెన్ రిత్‌తో కలిసి డైరెక్టర్ అయ్యారు. మధ్యలో చిన్న విరామం తప్ప 1907 ముగిసేదాకా ఆ పదవి ఆయన చేతిలోనే ఉంది. అంతకు ముందు ఆ బాధ్యత వహించిన వారిలో లూయీ వేరోన్ వైద్యుడు, ఎమీల్ పెరాన్ చిత్రకళ నేర్చినవాడు, వోకోర్బెయ్ స్వరకర్త. ఆ వేదిక మీద నిలబడి గొంతెత్తి పాడిన అనుభవం వీరికి లేదు, గయార్‌కు ఉంది.

నా సందేహం ఇది. ఆ అనుభవం ఆయన నిర్వహణలో నిర్దిష్టంగా ఎక్కడ కనిపిస్తుంది? నేను చదివిన చోట్ల ఆయనను జర్మన్ స్వరకర్త వాగ్నర్‌ ఒపెరాలను పారిస్‌కు తెచ్చిన సాహసిగానో, పొదుపు కోసం కళను తగ్గించిన వ్యాపారిగానో ఒక్క మాటలో తేల్చేశారు. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా పొసుగుతాయో తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

మొదటి సమాధానం

ముందుగా ఆ పదవి స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. ఆనాటి పారిస్ ఒపెరా డైరెక్టర్ జీతం తీసుకునే ఉద్యోగి కాదు. ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, ఏడాదికి 8,00,000 ఫ్రాంకుల సహాయధనం అందుకుని, లాభనష్టాలను తానే భరించే గుత్తేదారు. ఏటా ఎన్ని కొత్త రచనలు ప్రదర్శించాలో ఆ ఒప్పందమే నిర్ణయించేది. కాబట్టి పొదుపు అన్నది గయార్ వ్యక్తిగత గుణం కంటే ఆ ఏర్పాటు నుంచి పుట్టిన అవసరమని నా అభిప్రాయం.

ఇక గాయకుడిగా ఆయన నేపథ్యం. 1848లో తులూజ్‌లో పుట్టి, అక్కడా తరువాత పారిస్ కన్సర్వేటరీలోనూ శిక్షణ పొంది, 1867లో పారిస్‌లోని మరో ఒపెరా సంస్థ ఒపెరా కొమిక్‌లో స్వరకర్త తోమా రచన ద్వారా ఫాల్‌స్టాఫ్‌గా రంగప్రవేశం చేశారు. 1871లో పారిస్ ఒపెరాకు మారారు. 1875 జనవరిలో వాస్తుశిల్పి గార్నియే నిర్మించిన కొత్త భవనం తెరుచుకున్నప్పుడు ఆయన ఆ బృందంలోనే ఉన్నారు. అంటే ఆ విశాలమైన ప్రేక్షకాగారంలో ఏ గొంతు చివరి వరుస దాకా చేరుతుందో, ఏ గొంతు వాద్యబృందం కింద అణిగిపోతుందో పాడి తెలుసుకున్నవారు. డైరెక్టర్‌గా ఆయన చేసిన ఎంపికలను ఈ కోణం నుంచి చూస్తే చాలా సంగతులు స్పష్టమవుతాయి.

1886లో ఫ్రాన్సిస్క్ దెల్మా అనే యువ బాస్ గాయకుడు ఆ వేదిక ఎక్కి, తరువాతి దశాబ్దాలలో ఆ సంస్థకు మూలస్తంభమయ్యారు. 1888 నవంబరులో గూనో ‘రోమియో జూలియట్’ను ఒపెరా కొమిక్ నుంచి తమ వేదికకు తెచ్చినప్పుడు అప్పటి ప్రసిద్ధ గాయకులు అదెలినా పాటీనీ, జాన్ ద రెష్కేనీ ఎదురెదురుగా నిలిపి, స్వయంగా గూనో చేతనే వాద్యబృందాన్ని నడిపించారు. మరుసటి ఏడాది వసంతంలో ఎమ్మా ఈమ్స్ జూలియట్‌గా, నెల్లీ మెల్బా ‘హామ్లెట్’లో ఒఫీలియాగా పారిస్‌కు పరిచయమయ్యారు. ఇద్దరూ అప్పటికి ఇరవైలలో ఉన్న విదేశీయులు. పొదుపు తప్ప మరేమీ పట్టని వ్యాపారి అప్పటికే పేరున్న వారిని తెచ్చి టికెట్లు అమ్ముకుంటాడు. ఇంకా పేరు రాని గొంతును నమ్మి అలాంటి ముఖ్య పాత్ర ఇవ్వాలంటే సొంత చెవి మీద భరోసా ఉండాలి. మీ ప్రశ్నకు నా ప్రధాన సమాధానం ఇదే.

రెండవ సమాధానం

పై వివరాలతో నాకు పేచీ లేదు కానీ, అదే చెవి వల్ల నష్టపోయిన వారి గురించి కూడా చెప్పాలి. గయార్‌కు గాయకులు అర్థమైనంతగా స్వరకర్తలు అర్థం కాలేదని నేను భావిస్తున్నాను.

స్వరకర్త రెయేర్ రాసిన ‘సీగుర్’ ఒపెరా సంగతి చూడండి. ఆ రచన 1884లో పారిస్‌లో కాక బ్రస్సెల్స్‌లోని లా మొనే నాటకశాలలో తొలిసారి ప్రదర్శితమై, ఆ విజయం తరువాతే 1885 జూన్‌లో పారిస్ ఒపెరాకు చేరింది. చేరేసరికి అందులో చేసిన కోతలకు రెయేర్ తీవ్రంగా నొచ్చుకున్నారు. 1890లో సాన్-సాన్స్ ‘అస్కానియో’కూ ఇలాంటి గతే పట్టింది. అందులోని స్కోజోనే పాత్రను సాన్-సాన్స్ కాంట్రాల్టో (స్త్రీల మంద్రమైన గొంతు) కోసం రాస్తే, ఆయన దేశంలో లేని సమయంలో దానిని సొప్రానో (స్త్రీల అత్యున్నత గొంతు) గాయనికి అప్పగించారు. గొంతుల విలువ తెలిసిన మనిషి సారథ్యంలోనే ఇది జరగడం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. పాత్ర స్వభావం స్వరస్థాయితో ముడిపడి ఉంటుందని ఒక బాస్ గాయకుడికి వేరే ఎవరో చెప్పాలా?

ఆ తరువాతి కాలం మరీ నిరాశాజనకం. షాబ్రియే ‘గ్వెందొలీన్’ 1886లో బ్రస్సెల్స్‌లో మొదలై పారిస్ ఒపెరాకు 1893 డిసెంబరు చివరకు గానీ రాలేదు. కొత్త శతాబ్దపు తొలి సంచలనాలు రెండూ, 1900లో షార్పాంతియే ‘లూయీజ్’, 1902లో దెబ్యుసీ ‘పెలేయాస్ మెలిజాంద్’, ఆల్బేర్ కారే నడిపిన ఒపెరా కొమిక్‌లోనే వెలుగు చూశాయి. కారే నటుడిగా మొదలై డైరెక్టర్ అయినవాడు కాబట్టి, రంగస్థలం నుంచి రావడం ఎవరి దృష్టినీ తప్పనిసరిగా కుదించదని కూడా ఇక్కడ తేలుతోంది. లోపం గయార్ అభిరుచిలోనే ఉంది. ఆయన గొప్ప గొంతులకు తగిన గొప్ప సన్నివేశాలను వెతికారు తప్ప, గొంతుకు కొత్త పని చెప్పే సంగీతాన్ని వెతకలేదు.

ప్రశ్న వేసినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండవ సమాధానంలోని చివరి వాక్యాన్ని అంగీకరిస్తే వాగ్నర్ విషయం చిక్కుగా మారుతోంది. వాగ్నర్ కంటే ఎక్కువగా గొంతుకు కొత్త పని చెప్పిన స్వరకర్త ఆ కాలంలో మరొకరు లేరు కదా. దీనిని ఎలా అర్థం చేసుకోవాలి?

మూడవ సమాధానం

వాగ్నర్ విషయంలో తేదీలను వరుసగా చూడడం అవసరం. 1861లో ‘తాన్‌హాయిజర్’ను ఇదే సంస్థలో ఈలలతో అడ్డుకోగా మూడు ప్రదర్శనలతో అది ఆగిపోయింది. 1870లో జర్మన్లతో జరిగిన యుద్ధంలో ఫ్రాన్స్ ఓటమి తరువాత జర్మన్ స్వరకర్త పేరెత్తడమే కష్టమైంది. 1887 మేలో వాద్యబృంద సారథి లామురో పారిస్‌లోని ఎడెన్ నాటకశాలలో సొంత పూనికతో ‘లోహెన్‌గ్రిన్’ పెడితే, జర్మనీతో సరిహద్దు ఉద్రిక్తతల మధ్య వీధి నిరసనలు చెలరేగి ఒక్క ప్రదర్శనతో ముగించాల్సి వచ్చింది. ఇవన్నీ తెలిసి కూడా రిత్, గయార్ 1891 సెప్టెంబరు 16న అదే ‘లోహెన్‌గ్రిన్’ను అదే లామురో సారథ్యంలో, వాన్ డైక్, రోజ్ కరోన్ ముఖ్య పాత్రధారులుగా ప్రదర్శించారు. బయట నిరసనకారులు, పోలీసులు, అరెస్టులు. లోపల మాత్రం ప్రదర్శన సాఫీగా సాగింది. అప్పటికి వారి పదవీకాలం ముగింపునకు వచ్చిందన్నది నిజమే అయినా, ఆ రాత్రి గొడవ అదుపు తప్పి ఉంటే నష్టం వారిదే అయ్యేది. కనుక దానిని ధైర్యమనే అంటాను.

1893లో అప్పటి డైరెక్టర్ బెర్‌ట్రాన్‌తో కలిసి గయార్ తిరిగి పదవిలోకి వచ్చారు. ఆ ఏడాది మేలో ‘వాల్క్యూర్’, 1895లో ‘తాన్‌హాయిజర్’, 1897లో ‘మైస్టర్‌జింగర్’, 1902లో జాన్ ద రెష్కేతో ‘జీగ్‌ఫ్రీడ్’, 1904లో ‘ట్రిస్టాన్’ ఆ వేదిక మీదకు వచ్చాయి. 1894 అక్టోబరులో వెర్డీ స్వయంగా వచ్చి, ‘ఒథెల్లో’కు పారిస్ ఆచారం ప్రకారం నృత్య సంగీతం కొత్తగా రాసి ఇచ్చారు. అదే సంవత్సరం జనవరిలో రూ రిషే వీధిలోని ఒపెరా గిడ్డంగి తగలబడి సెట్లు పెద్ద ఎత్తున కాలిపోయాయన్న సంగతిని ఈ జాబితా పక్కనే పెట్టి చదవాలి. కొత్త రచనలు ఎందుకు తగ్గాయని అడిగేటప్పుడు పాతవాటికే మళ్లీ సెట్లు కట్టించాల్సి వచ్చిన ఖర్చును వదిలేయడం న్యాయం కాదు.

వాగ్నర్ గురించి మీరు అడిగిన చిక్కుకు నాకు తోచిన వివరణ ఇది. వాన్ డైక్, దెల్మా, రోజ్ కరోన్, లుసియెన్ బ్రేవాల్ వంటి గాయకులు చేతిలో ఉన్నప్పుడు వాగ్నర్ పాత్రలు గయార్‌కు ముందుగా గొంతులుగానే వినిపించి ఉంటాయి. వాద్యబృందమే కథ చెప్పే, గాయకుడు దాదాపు మాట్లాడే స్థాయిలో పాడే దెబ్యుసీ పద్ధతి ఆ చెవికి పట్టే అవకాశం తక్కువ. రెండవ సమాధానం రాసినవారి విమర్శను నేను కొట్టివేయడం లేదు, దాని పరిధిని మాత్రం తగ్గిస్తున్నాను.

ఒక చిన్న చేర్పు. 1907 డిసెంబరు 24న, పదవీకాలం చివరి వారంలో, గ్రామఫోన్ కంపెనీ ఇచ్చిన రికార్డులను సీలు వేసిన పాత్రలలో ఒపెరా భవనపు నేలమాళిగలో భద్రపరిచారు. వందేళ్ల వరకు తెరవకూడదన్నది నియమం. 1908 జనవరి నుంచి మెసజే, బ్రూసాన్ డైరెక్టర్లుగా బాధ్యతలు తీసుకున్నారు.

మొదటి సమాధానం రాసినవారి జోడింపు

గయార్ పాడిన తరహా ఎలా ఉండేదో ఊహించాలనుకునేవారు బాస్ గాయకుడు పోల్ ప్లాన్సాన్ రికార్డులతో మొదలుపెట్టవచ్చు. ఆయన 1883లో ఇదే వేదిక మీద మెఫిస్టోఫిలిస్‌గా ప్రవేశించి, గయార్ మొదటి పదవీకాలమంతా అక్కడే పాడి, తరువాత న్యూయార్క్ మెట్రోపాలిటన్‌కు వెళ్లారు. 1900ల తొలి ఏళ్లలో విక్టర్ కంపెనీకి ఇచ్చిన ‘ఫౌస్ట్’ భాగాలలో స్వరం ఎంత సునాయాసంగా కదులుతుందో, ప్రతి అక్షరం ఎంత తేటగా పలుకుతుందో గమనించండి. గయార్ కూడా ఈ ఫ్రెంచ్ బాస్ సంప్రదాయంలోనే తయారైన గాయకుడు.