మెటాలికా రికార్డులతో కలిపి వాయిస్తుంటే శ్రుతి కుదరట్లేదు, సౌండ్ రావట్లేదు. ఆల్బమ్‌కీ ఆల్బమ్‌కీ ఏం మారింది?

ఆరో_తీగ

అందరికీ నమస్తే. అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా ఆల్బమ్‌లు మొదటి నుంచి వరసగా పెట్టుకుని రిథమ్ గిటార్ నేర్చుకుంటున్నాను. మామూలు ఈ (E) స్టాండర్డ్ ట్యూనింగ్, 10-46 తీగలు (అన్నిటికంటే సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), ఒక మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్.

‘రైడ్ ద లైట్నింగ్’ (1984) పెడితే ట్యూనర్ సరిగ్గానే ఉందంటుంది, గిటార్ మాత్రం రికార్డు కంటే కాస్త కింద పలుకుతోంది. ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ (1988)లో బేస్ వినపడదు. ఈక్వలైజర్‌లో లో ఎండ్ పెంచితే డ్రమ్సే గుబగుబలాడుతున్నాయి. ఇక పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగల్ని అణిచి వాయించే) రిఫ్‌లకి గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పెంచేకొద్దీ సౌండ్ బురదబురదగా అయిపోతోంది.

ఇంకో సంగతి. 1991 తర్వాత వీళ్ల పని అయిపోయిందని చాలామంది అంటారు. ఆ తేడా నిజంగా చెవికి తెలిసేదేనా, లేక జుట్టు కత్తిరించుకున్నారన్న కోపమేనా?

శ్రుతిపెట్టె

ముందు శ్రుతి సంగతి చూద్దాం. మీ ట్యూనర్ తప్పేం లేదు. ‘రైడ్ ద లైట్నింగ్’ రికార్డే మామూలు శ్రుతి (ఏ స్వరం 440 హెర్ట్జ్) కంటే కాస్త పైన ఉంటుంది, దాదాపు 15-20 సెంట్లు (అర్ధ స్వరంలో వందో వంతు ఒక సెంటు). ట్యూనర్‌లో రిఫరెన్స్ పిచ్‌ని 440 నుంచి ఒక్కో హెర్ట్జ్ పెంచుకుంటూ పోండి, 444 దగ్గర దాదాపు కలుస్తుంది. రికార్డులో కింది ఈ (E) తీగ ఒంటరిగా మోగే చోటు చూసుకుని, మీ ఆరో తీగని దాంతో పాటు మోగించండి. రెండిటి మధ్య ‘వావ్ వావ్’ అనే ఊపు వినిపిస్తే ఇంకా కలవలేదని లెక్క. ప్రతి తీగా మళ్లీ తిప్పే ఓపిక లేకపోతే, ఫైల్‌నే ఏదైనా ప్లేయర్‌లో 15 సెంట్లు దించుకోండి. వేగం మారకుండా పిచ్ మాత్రమే మార్చే ఆప్షన్ ఎంచుకోండి.

మిగతావాటికి గుర్తుపెట్టుకోవాల్సినవి: ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ (1986)లో ‘ద థింగ్ దట్ షుడ్ నాట్ బీ’, ‘మెటాలికా’ అనే పేరుతోనే వచ్చిన బ్లాక్ ఆల్బమ్ (1991)లో ‘శాడ్ బట్ ట్రూ’ పూర్తి స్వరం కిందకి, అంటే డి స్టాండర్డ్. ‘లోడ్’ (1996), ‘రీలోడ్’ (1997) అర్ధ స్వరం కింద. ‘సెయింట్ యాంగర్’ (2003) ఎక్కువగా డ్రాప్ సి (ఆరో తీగ సి దాకా, మిగతావి పూర్తి స్వరం కిందకి). 90ల మధ్య నుంచి స్టేజీ మీద పాత పాటలు కూడా అర్ధ స్వరం దించే వాయిస్తున్నారు, గాయకుడు, రిథమ్ గిటారిస్ట్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ గొంతుకి అదే అనువు. మన దగ్గర్లో జరిగిన షో 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌ది. ఆ వీడియోలతో కలిపి వాయించాలంటే గిటార్ ఈ ఫ్లాట్ (E♭)కి దించాల్సిందే.

10-46 తీగలతో డ్రాప్ సి వద్దు. ఆరో తీగ సడలిపోతుంది, గట్టిగా కొట్టిన ప్రతిసారీ శ్రుతి పైకి లేచి పడుతుంది. కనీసం 11-52 వేయండి. తీగ లావెక్కితే నట్ (మెడ చివర తీగలు కూర్చునే పట్టీ) గాడిలో ఇరుక్కుంటుందేమో చూసుకోండి, ఇంటొనేషన్ (పై ఫ్రెట్ల దగ్గరా శ్రుతి కలవడం) మళ్లీ సరిచేయండి. ఆ రెండూ వదిలేస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర ఏదీ కలవదు.

లో_ఎండ్

జస్టిస్‌లో బేస్‌ని ఈక్వలైజర్‌తో బయటికి లాగలేరు. బేసిస్ట్ జేసన్ న్యూస్టెడ్ చాలాచోట్ల హెట్‌ఫీల్డ్ రిఫ్‌నే స్వరం పొల్లుపోకుండా వాయించాడు. గిటార్లేమో మధ్య ఫ్రీక్వెన్సీలు తవ్వేసి, కింద బరువు పెంచిన టోన్. అంటే బేస్ ఉండాల్సిన చోట గిటార్ కూర్చుంది. దానిపైన మిక్స్‌లో బేస్ ఫేడర్ దించేశారు. మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సన్, డ్రమ్మర్ లార్స్ అల్‌రిక్ దించమంటేనే దించానని ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఇప్పుడు మీరు 60-100 హెర్ట్జ్ పెంచితే లేచేది కిక్ డ్రమ్, పామ్ మ్యూట్ గుబగుబ మాత్రమే. 2018 రీమాస్టర్‌లోనూ బేస్ పెంచలేదు. పాత మిక్స్‌ని మార్చకూడదని బ్యాండే నిర్ణయించుకుంది.

న్యూస్టెడ్ అసలు ఏం వాయించాడో వినాలంటే 1993లో వచ్చిన లైవ్ బాక్స్ సెట్‌లోని 1989 సియాటిల్ షో చూడండి. అవే పాటలు, బేస్‌తో. పాత బేసిస్ట్ క్లిఫ్ బర్టన్ 1986 సెప్టెంబర్‌లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో చనిపోయాక ఆ చోటులోకి వచ్చిన మనిషి ఎంత బలంగా వాయించాడో అక్కడ తెలుస్తుంది. ఆల్బమ్ విని అతన్ని తీసిపారేసేవాళ్లంటే నాకు బాధ.

1991 తర్వాత మార్పు చెవికి తెలుస్తుంది. కారణం మాత్రం జుట్టు కాదు. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’, ‘జస్టిస్’, బ్లాక్ ఆల్బమ్‌లలో ఎడమా కుడీ రిథమ్ గిటార్లు హెట్‌ఫీల్డ్ ఒక్కడే వాయించాడు. ఒకే చెయ్యి కాబట్టి గోడలా వినిపిస్తుంది. ‘లోడ్’లో లీడ్ గిటారిస్ట్ కిర్క్ హామెట్ కూడా రిథమ్ రికార్డ్ చేశాడు. రెండు చేతుల మధ్య చిన్న తేడాలే ఆ ఆల్బమ్‌లోని వదులు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కో చెవి మూసి వినండి, ఎవరిది ఏ పక్కో తెలిసిపోతుంది. అది దిగజారడం అని నేననుకోను. కావాలని తీసుకున్న నిర్ణయం.

డౌన్‌స్ట్రోక్

మీ మూడో సమస్య టోన్‌ది. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’లో వాడిన మీసా బూగీ మార్క్ టూ సి ప్లస్ ఆంప్‌లో బేస్ నాబ్ డిస్టార్షన్‌కి ముందు వస్తుంది. దాన్ని పెంచితే లో ఎండ్ ముందే చితికిపోయి బురద అవుతుంది. అందుకే బేస్ 1-2 దగ్గర, మిడ్ 4-5, ట్రెబుల్ 7-8 పెట్టి, పోయిన బరువుని డిస్టార్షన్ తర్వాత ఉండే ఐదు బ్యాండ్‌ల గ్రాఫిక్ ఈక్యూ (ఈక్వలైజర్)లో 80 హెర్ట్జ్ లేపి తిరిగి తెచ్చుకోవాలి. 750 హెర్ట్జ్ కొంచెం దించండి, కానీ పూర్తిగా తవ్వేయకండి. అలా తవ్విన టోన్ ఒంటరిగా వింటే బ్రహ్మాండంగా ఉంటుంది, డ్రమ్స్, బేస్ కలిశాక గిటార్ మాయమవుతుంది. మీ ప్రాసెసర్‌లోనూ ఇదే వరస: ఆంప్ మోడల్‌లో బేస్ తక్కువ, ఆంప్ తర్వాత ఈక్యూ బ్లాక్.

గెయిన్ సగం దాటొద్దు. రికార్డులో మందం గెయిన్ వల్ల వచ్చింది కాదు, ఒకే రిఫ్‌ని విడివిడిగా మళ్లీ మళ్లీ వాయించడం వల్ల వచ్చింది. మీరు రికార్డ్ చేసేటప్పుడు రెండు టేకులు వాయించి చెరో పక్కకి పెట్టండి. ఒకే టేక్‌ని కాపీ చేసి రెండు పక్కలా పెడితే అది మోనోనే. కాపీని 15 మిల్లీసెకన్లు జరిపితే వెడల్పుగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, ఫోన్ స్పీకర్‌లో రెండూ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలు రద్దయి బోలుగా మోగుతుంది.

ఆరో_తీగ

చాలా థాంక్స్. ఆంప్ బేస్ 2కి దించగానే తేడా తెలిసింది. ఒక్క సందేహం: పామ్ మ్యూట్ చేసినప్పుడు స్వరం కొంచెం పైకి పోతోంది, మ్యూట్ తీస్తే సరిగ్గా ఉంటోంది.

డౌన్‌స్ట్రోక్

ఫ్లోటింగ్ ట్రెమొలో (స్ప్రింగుల మీద కదిలే బ్రిడ్జ్) ఉన్న గిటారా? అయితే అరచెయ్యి బ్రిడ్జ్‌ని నొక్కుతోంది, తీగలు బిగిసి శ్రుతి లేస్తోంది. బ్రిడ్జ్ మీద బరువు వేయకుండా, తీగలు సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చోటు) దాటిన వెంటనే అరచేతి అంచు తాకేలా పెట్టండి. లేదా వెనక కుహరంలో చెక్క ముక్క బిగించి బ్రిడ్జ్‌ని కదలకుండా చేయండి. హెట్‌ఫీల్డ్ ఎక్స్‌ప్లోరర్ ఆకారపు గిటార్లకి కదలని బ్రిడ్జే ఉంటుంది.

చేతి సాధన కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ దాదాపు 212 బీపీఎం, రిఫ్ అంతా డౌన్‌స్ట్రోక్సే. సెకనుకి ఏడు దెబ్బలు. మెట్రోనోమ్ 140 దగ్గర పెట్టి ఎయిత్ నోట్స్ ఒక నిమిషం ఆగకుండా కొట్టండి. మోచెయ్యి బిగుసుకోకపోతే 4 పెంచండి. పిక్ ఒక మిల్లీమీటర్ లేదా అంతకన్నా మందం, కొన 2-3 మిల్లీమీటర్లు మాత్రమే బయటికి. ముంజేయి మండితే ఆ రోజుకి ఆపేయండి. అప్‌స్ట్రోక్ కలిపితే వేగం వస్తుంది గానీ దెబ్బ బరువు పోతుంది. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్ చూసి ఈ పాట మొదలుపెట్టిన పిల్లలు చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

విశాఖ_మెటల్

‘సెయింట్ యాంగర్’ గురించి ఒక మాట. రేకు డబ్బా సౌండ్ అని తిడతారు. స్నేర్ కింద ఉండే తీగల్ని వదిలేసి వాయించారు, అందుకే ‘టంగ్’ అని సాగుతుంది. సోలోలు లేవు, బేస్ వాయించింది నిర్మాత బాబ్ రాక్. ఆ పాటల్ని కొత్త బేసిస్ట్ ట్రుహియో వచ్చాక తీసిన రిహార్సల్ వీడియోల్లో వినండి, నచ్చొచ్చు.

‘డెత్ మాగ్నెటిక్’ (2008)కి మాత్రం ఒరిజినల్ సీడీ పెట్టుకోకండి. ధ్వని తరంగం శిఖరాలన్నీ కోసేసినంత లౌడ్‌గా ఉంటుంది. మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సన్, తన దగ్గరికి వచ్చేసరికే మిక్స్ అలా ఉందన్నాడు. ప్లేయర్‌లో వాల్యూమ్ తగ్గిస్తే తెగిపోయిన భాగం తిరిగి రాదు. అప్పుడే ‘గిటార్ హీరో’ గేమ్‌లో వచ్చిన వెర్షన్‌లో అంత కోత లేదు. రెండూ ఒకే వాల్యూమ్‌కి తెచ్చుకుని స్నేర్ దెబ్బ పోల్చండి, ఏం పోయిందో అక్కడే వినపడుతుంది. గిటార్ కలిపి వాయించడానికీ అదే వాడండి, చెవులు అలసిపోవు.