8 గంటల పని: ఆ ఘనత ఒక్క వడ్రంగిదేనా?

రేవతి_వెల్లింగ్టన్:
న్యూజిలాండ్‌లో అక్టోబరు నాలుగో సోమవారం లేబర్ డే సెలవు. శామ్యూల్ పార్నెల్ కథ మళ్లీ విన్నాం. లండన్ వడ్రంగి. 1840 ఫిబ్రవరిలో భార్యతో ఇక్కడ ఓడ దిగాడు. అదే ఓడలో వచ్చిన జార్జ్ హంటర్ గోదాం కట్టిపెట్టమంటే, రోజుకు 8 గంటలే చేస్తానన్నాడు. లండన్‌లో పొద్దున ఆరింటికే గంట కొడతారుగా అని హంటర్ అంటే, మనం లండన్‌లో లేమన్నాడట! ఒక్కడు గట్టిగా నిలబడితే చాలు.

కొయ్యపని:
నిలబడ్డాడు సరే రేవతి గారూ, ఎలా నిలబడగలిగాడు? అప్పటికి అక్కడ వడ్రంగులు ముగ్గురే. ఓడలేమో వరసగా వస్తున్నాయి, తలదాచుకోను ఇళ్లు లేవు. పైగా ఆయన దగ్గర, ఇక్కడ భూములు అమ్మి వలసదారుల్ని దింపిన న్యూజిలాండ్ కంపెనీ ఇచ్చిన భూమి పత్రం ఉంది: ఊళ్లో ఒక ఎకరం, బయట 100. హంటర్ కాదంటే పస్తుండే మనిషి కాదు. లండన్‌లో ఇదే మాట మీద తోటి పనివాళ్లతో ఎంత వాదించినా ఒక్కడూ కలిసిరాలేదు. మనిషి అదే, పంతమూ అదే.

సుబ్బు_గుంటూరు:
ఆ ఎకరాలు ఎవరివన్నా? వాళ్లు ఓడ దిగిన పిటోనే ఒడ్డున అప్పటికే ఉన్నది తే ఆతి అవా తెగ మావోరీలు, అంటే అక్కడి మూలవాసులు. తుపాకులు, దుప్పట్లు ఇచ్చి 1839లో కొన్నామంది కంపెనీ. ఆ కొనుగోలు చెల్లుతుందా అని తేల్చడానికి ప్రభుత్వం విలియం స్పెయిన్‌ని కమిషనర్‌గా పంపాల్సి వచ్చింది.

రేవతి_వెల్లింగ్టన్:
భూమి విషయం ఒప్పుకుంటా సుబ్బూ. కానీ కొత్త ఓడ వచ్చినప్పుడల్లా ఎదురెళ్లి, 8 గంటలకు మించి ఒప్పుకోవద్దని పనివాళ్లకు చెప్పింది పార్నెలే కదా?

కొయ్యపని:
అది ఆయన ముసలితనంలో చెప్పుకున్న మాట. చెప్పే ఉంటాడు, కాదనను. కానీ నిలబెట్టింది మాత్రం 1840 అక్టోబరులో బారెట్ హోటల్ బయట పనివాళ్లు పెట్టుకున్న సభ. రోజుకు 8 గంటల పని, అదీ పొద్దున 8 నుంచి సాయంత్రం 5 మధ్యలోనే, అంతకన్నా ఎక్కువసేపు చేయడానికి ఒప్పుకున్నవాణ్ని హార్బర్‌లో ముంచేద్దామని తీర్మానించారు. ముంచుతామన్న భయం లేకపోతే నాలుగు ఓడలు దిగేసరికి ఎవడో ఒకడు 10 గంటలకు తలూపేవాడు. 1856లో మెల్‌బోర్న్ తాపీమేస్త్రీలు కూడా ఒక్కుమ్మడిగా పని వదిలి బయటికొచ్చారు కాబట్టే నెగ్గారు.

రేవతి_వెల్లింగ్టన్:
మరి 1890 అక్టోబరు కార్మికుల ఊరేగింపులో బండెక్కించి తిప్పింది ఆయన్నేగా, హోటల్ బయట గుమిగూడిన వాళ్లని కాదు!

కొయ్యపని:
ఆ ఏడాదే మారిటైమ్ సమ్మెలో, అంటే ఓడల, రేవుల పనివాళ్ల సమ్మెలో, యూనియన్లు చావుదెబ్బ తింటున్నాయండీ. జనానికి చూపించుకోడానికి 80 ఏళ్ల పెద్దాయన దొరికితే వదులుతారా?