ఏడో తరగతి లైబ్రరీ పీరియడ్‌కి పుస్తకాలు: స్థాయి చూడాలా, పిల్లల ఇష్టం చూడాలా?

మల్లెతీగ: జడ్పీ హైస్కూల్లో ఏడో తరగతికి తెలుగు చెబుతున్నాను. సగం మంది వత్తుల దగ్గర ఆగిపోతారు. కొందరు మాత్రం ఏదిచ్చినా చదివేస్తారు. ఉచితంగా కథలు దొరికే స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో మొదటి స్థాయి కథలు ప్రింట్ తీసి ఇస్తే "ఇవి చిన్నపిల్లలవి మేడం" అని పక్కన పెట్టేశారు. చేతిలో రెండు వేలున్నాయి. ఏం కొనమంటారు?

గోదారిగట్టు: కొనడం తర్వాత, ముందు బీరువా తాళం తీయించండి. పుస్తకం పోతే ఎవరు కట్టాలన్న భయంతో మా దగ్గర కట్టలు కూడా విప్పలేదు. చూస్తే కడుపు మండిపోతుంది.

పాతపండిట్: నేను రిసోర్స్ పర్సన్‌గా టీచర్లకు తొలిమెట్టు (చిన్న తరగతులకు చదవడం, లెక్కలు నేర్పే ప్రభుత్వ కార్యక్రమం) శిక్షణ ఇచ్చినవాణ్ణి. ఇందులో తికమక ఏమీ లేదు. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో లాగా అక్షరం, పదం, పేరా, కథ చదివించి చూడండి. పిల్లల్ని గ్రూపులు చేసి, పుస్తకాలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ స్టిక్కర్లు అంటించండి. ఎవరి రంగు వాళ్లదే.

నల్లబల్ల: స్టిక్కర్లు మాత్రం వద్దు మేడం! మా బడిలో అంటించారు. ఎర్ర స్టిక్కర్ పుస్తకం వచ్చిన పిల్లాడు దాన్ని చొక్కా కింద దాచుకుని తిరిగాడు. లైబ్రరీ పీరియడ్ అంటేనే బడి ఎగ్గొట్టడం మొదలుపెట్టాడు.

పాతపండిట్: ఒక్క పిల్లాణ్ణి చూపించి పద్ధతినే తప్పంటే ఎలా? చదవడం రానివాడి చేతిలో లావు పుస్తకం పెడితే బొమ్మలు చూసి మూసేస్తాడు.

నల్లబల్ల: లావు పుస్తకం ఇమ్మని నేనెక్కడన్నాను సార్? స్థాయి మీ డైరీలో రాసుకోండి, అట్ట మీద వద్దంటున్నాను.

డాలస్‌నాన్న: ఇక్కడ మా పాప బడిలోనూ ఇదే గొడవ. పుస్తకాలకు స్థాయిల అక్షరాలిచ్చిన ఫౌంటస్, పిన్నెల్ కూడా ఆ అక్షరాలు టీచర్ల కోసమే, పిల్లల మీద వేసే ముద్ర కాదని చెప్పారు. అయినా మా పాపను "నీ స్థాయి కాదు" అని వెనక్కి పంపారు.

పాతపండిట్: డాలస్ సంగతులు మా జడ్పీ బడులకు పనికిరావు.

ఉప్పుటేరు: అసలు వత్తులు లేని పుస్తకాలని అమ్మేవి ఎవరైనా చూశారా? అమ్మ, నాన్న, అన్నం, కుక్క, పిల్లి... ఇంట్లో మాటలన్నిటికీ వత్తులే. అవి తీసేస్తే మిగిలేది పిల్లలెవరూ మాట్లాడని తెలుగు. ఏడో తరగతికి అది అసలు పెట్టకండి.

గోదారిగట్టు: వత్తులు రాకపోవడానికి కారణం ఇంగ్లీషు మీడియం. తెలుగు పీరియడ్ ఒక్కటే మిగిల్చి...

ఉప్పుటేరు: ఆ గొడవకి వేరే చర్చ ఉంది సార్, ఇక్కడ వద్దు. మా ఊళ్లో తల్లిదండ్రులే కావాలని అడిగారు.

గోదారిగట్టు: అడిగారు సరే, నష్టపోయింది ఎవరు?

గొర్రెలమంద: మా క్లాసులో పదాలు కూడబలుక్కునే పిల్లాడొకడు ఉన్నాడు. వాళ్లింట్లో గొర్రెలున్నాయి. పశువుల ఆసుపత్రిలో ఇచ్చిన నీలినాలుక వ్యాధి కరపత్రం తెచ్చి, వేలు పెట్టి మొత్తం చదివాడు. ఏ లెక్కన చూసినా అది వాడి స్థాయి కాదు. మందలో గొర్రె జబ్బుపడింది కాబట్టి చదివాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

పాతపండిట్: కరపత్రాలతో సిలబస్ పూర్తవుతుందా?

నల్లబల్ల: ఇక్కడ సిలబస్ గురించి ఎవరు అడిగారు సార్? మేడం అడిగింది లైబ్రరీ పీరియడ్ గురించి.

మల్లెతీగ: దయచేసి కొట్లాడుకోకండి. రెండు వేలకి ఏం వస్తాయో చెప్పండి.

ఉప్పుటేరు: 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి పలుచటివి చూడండి. జంతువులు, ప్రయోగాలు, సాహసాలు. మాటలు తక్కువున్నా విషయం పెద్దపిల్లలకు సరిపోయేవి ఏరండి. ఒక్కటి మాత్రం కాస్త కష్టమైనది కొని, రోజూ పది నిమిషాలు మీరే చదివి వినిపించండి. సొంతంగా చదవలేనివాడు కూడా విని అర్థం చేసుకుంటాడు. మంచి పట్టులో ఆపితే మిగతాది వాళ్లే అడుగుతారు.

గొర్రెలమంద: పాత పేపర్లలో క్రికెట్ పేజీలు కూడా దాచండి, వాటికి డబ్బు అక్కర్లేదు.

గోదారిగట్టు: మేడం, బీరువా సంగతి చెప్పనే లేదు. తాళం హెచ్‌ఎం దగ్గరుందా, మీ దగ్గరుందా?