పగుళ్లు వచ్చిన టై మెంబర్‌కి ఈఏ ఎంత తీసుకోవాలి?

అందరికీ నమస్కారం అండి, ఒక ఆర్‌సీసీ టై (లాగుడు బలాన్ని మోసే మెంబర్) సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేస్తున్నా, 200×200 మి.మీ. సెక్షన్, నాలుగు 16 మి.మీ. బార్లు, లోడ్ 200 కిలోన్యూటన్లు. పగుళ్లు రాకముందు ఈఏ (ఎలాస్టిక్ మాడ్యులస్ × ఏరియా, అంటే సాగకుండా ఆపే స్టిఫ్‌నెస్) సుమారు 1340 మెగాన్యూటన్లు, ఒట్టి స్టీల్ మాత్రమే అనుకుంటే 161. అంటే దాదాపు ఎనిమిది రెట్లు తేడా!

పగులు దగ్గర టెన్షన్ మొత్తం స్టీలే మోస్తుంది, కానీ రెండు పగుళ్ల మధ్య బాండ్ (స్టీల్‌కీ కాంక్రీట్‌కీ మధ్య పట్టు) వల్ల కాంక్రీట్ కూడా కొంత పంచుకుంటుంది కదా, అందుకే యూరోకోడ్ 2 (కాంక్రీట్ డిజైన్‌కి యూరప్ కోడ్) పద్ధతిలో సగటు స్ట్రెయిన్ (సాగిన నిష్పత్తి) లెక్కేశా. కాంక్రీట్ టెన్సైల్ బలం 2.5 ఎంపీఏ అనుకుంటే దాదాపు 111 కిలోన్యూటన్ల దగ్గర మొదటి పగులు వస్తోంది, 200 దగ్గర బీటా (లోడ్ ఎంతకాలం ఉంటుందో దాన్నిబట్టి పెట్టే గుణకం) 1 పెడితే ఈఏ సుమారు 221, ఎక్కువకాలం ఉండే లోడ్‌కి 0.5 పెడితే 186.

ఇక్కడే ఆగిపోయా. ఈ విలువ లోడ్‌ని బట్టి మారుతుంది, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఒకటే ఇవ్వాలి, పైగా టెంపరేచర్, ష్రింకేజ్ వల్ల వచ్చే ఫోర్స్ ఈ స్టిఫ్‌నెస్ మీదే ఆధారపడుతుంది, తక్కువ పెడితే ఆ ఫోర్స్ తగ్గిపోయి అన్‌సేఫ్ అవుతుందేమో అని నా భయం. మీరైతే ఫోర్స్‌కి ఒక విలువ, డిఫ్లెక్షన్‌కి ఇంకోటి పెట్టి రెండుసార్లు రన్ చేస్తారా, లేక లోడ్ మార్చుకుంటూ ఇటరేషన్ చేస్తారా? చేసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.