బొగ్గు బాయిలో లోలకం దించితే 'నెట్టుడు గురుత్వం' తేలుతదా?

బల్లార్షా_మాస్టర్:
పదో తరగతి పిల్లలు సైన్సు ప్రదర్శనకు ఒక వీడియో పట్టుకొచ్చిన్రు. భూమి గుంజదట, కంటికి కానరాని రేణువులు నలుదిక్కుల నుంచి కురుస్తయట, కింది నుంచి వచ్చేటియి కొన్ని భూమి ఆపుతది కాబట్టి పైవి గెలిచి మనల్ని కిందికి నెడతయట. నెత్తిమీద బండ ఉంటే గొడుగు లెక్క ఆపి బరువు తగ్గాలె గదా, మన దగ్గర బాయిలే ఉన్నయి, లోలకం దించుదామంటున్నరు. తేలుతదా?

చాందా_భౌతికం:
సార్, ఇది 1690లో ఫాటియో, తర్వాత లె సాజ్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు చెప్పిందే. బాయిలో లోలకం కూడా ఎప్పుడో దించిన్రు. 1854లో ఇంగ్లండ్‌ హార్టన్ బొగ్గు గనిలో ఎయిరీ అనే ఖగోళ శాస్త్రవేత్త సుమారు 380 మీటర్ల లోతున చూస్తే, పైన ఉన్న దానికన్నా లోలకం రోజుకు రెండు సెకన్లకు పైగా ముందుకు పోయింది. బరువు పెరిగిందన్నట్టు! పైపొర రాయి భూమి సగటు కన్నా తేలిక, లోపలి బరువు భాగానికి దగ్గరైతం కాబట్టి.

గొడుగు మాట దీంతో పోయింది, లె సాజ్ మాత్రం పోలే. రేణువులు దాదాపు అన్నీ రాయిలోంచి దూసుకపోతయనుకుంటే బాయిలో కూడా న్యూటన్ జవాబే వస్తది. ఆయన్ని ముంచేది వేరే. భూమి సెకనుకు 30 కి.మీ. పోతుంటే, వానలో సైకిల్ తొక్కినట్టు, ఎదురు దెబ్బలే ఎక్కువ; కక్ష్య కుంచించుకపోవాలె. రేణువుల వేగం పెంచితే ఆ అడ్డు తగ్గుతది గని, ఆగిన రేణువుల శక్తి వేడైతది. ఆ వేడికి భూమి మిగలదని 1875లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఎత్తిచూపిండు. తగిలి అంతే వేగంతో ఎగిరిపోతయంటరా? అప్పుడు భూమి రేణువుల్ని ఆపిన 'నీడే' పడదు, గురుత్వమే లేదు.

లోలకం_లెక్కలు:
బాయి ఆలోచన మానండి. ఎయిరీ చూసిన తేడా మీటరు తీగలో 0.05 మి.మీ. పొడవుతో సమానం, ఉక్కు తీగ నాలుగైదు డిగ్రీలు వేడెక్కినా అంతే సాగుతుంది.

బళ్లోనే చేయించండి. మీటరు పొడవుకు 100 ఊపులు (పోయి తిరిగొస్తే ఒక ఊపు) 200.85 సెకన్లు రావాలి, ఎందుకంటే మీ దగ్గర g (గురుత్వ త్వరణం) సుమారు 9.786. పుస్తకంలోని 9.81 పెడితే 200.6 వస్తుంది. ఈ పావు సెకను చూసి "గురుత్వం తగ్గింది" అని పిల్లలు ఎగిరి గంతేస్తారు, జాగ్రత్త. పది డిగ్రీలకు లాగి వదిలినా దాదాపు 0.4 సెకను ఎక్కువొస్తుంది. మూడు డిగ్రీలు దాటనీయకండి.

బల్లార్షా_మాస్టర్:
వాన, సైకిల్ బొమ్మ చార్టు మీద గీయిస్త. నైలాన్ దారం నడుస్తదా?

లోలకం_లెక్కలు:
వద్దు సార్, సాగుతుంది. సన్న ఉక్కు తీగ వాడండి. గుండు వేలాడదీశాకే కొలవండి, పట్టు అంచు నుంచి గుండు నడిమి దాకా. మిల్లీమీటరు తప్పితే 100 ఊపుల్లో 0.1 సెకను తప్పినట్టే.